హోటల్లో భోజనాల వేళ కూచిపూడి: ఏ షరతుల మీద ఒప్పుకోవాలి?

ప్రశ్న: సత్యనారాయణపురం నాట్యబడి (విజయవాడ)

విజయవాడ సత్యనారాయణపురంలో నేను ఒక చిన్న కూచిపూడి పాఠశాల నడుపుతున్నాను. నగరంలోని ఒక హోటల్ వారు ఇటీవల మా దగ్గరకు వచ్చి, ప్రతి శనివారం రాత్రి తమ భోజనశాలలో అతిథుల కోసం ఇరవై నిమిషాల కార్యక్రమం ఇవ్వగలరా అని అడిగారు. బయటి ఊళ్ల నుంచి వచ్చేవారికి మన సంస్కృతిని పరిచయం చేయాలన్నది తమ ఉద్దేశమని చెప్పారు. ఇత్తడి పళ్లెం మీద తరంగం తప్పకుండా ఉండాలట. సంగీతం రికార్డు చేసినదైతే చాలునట. అతిథులకు భాష రాకపోవచ్చు కనుక మధ్యలో సంభాషణలు వద్దట. కార్యక్రమం ముగిశాక పిల్లలు వేషం తీయకుండా కాసేపు అక్కడే ఉండి, అడిగిన వారితో ఫొటోలు దిగాలట. ఇస్తామన్న పారితోషికం తక్కువేమీ కాదు. దానితో పాఠశాల అద్దె, కరెంటు బిల్లు రెండూ గడిచిపోతాయి.

నేను వెంటనే కాదనలేకపోయాను, సరేననీ అనలేకపోయాను. ఏళ్ల తరబడి నేర్చుకొని డిప్లొమా పరీక్ష కూడా పూర్తిచేసిన అమ్మాయిలకు దసరా ఉత్సవాల్లో ఒక వేదిక, ఏదైనా సంస్థ వార్షికోత్సవంలో మరొకటి దొరికితే అదే గొప్ప. 2016 డిసెంబరులో మన ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో ఆరు వేల మందికి పైగా నర్తకులు ఒకేసారి నాట్యం చేసి గిన్నిస్ రికార్డు నెలకొల్పినప్పుడు, ఈ విద్య నేర్చినవారికి కొదవ లేదని లోకానికి తెలిసింది. అయితే నేర్చినవారు వారానికి ఒకసారైనా ప్రేక్షకుల ముందు నిలబడే చోటు మాత్రం ఇప్పటికీ ఏర్పడలేదు. అందుకే వెతుక్కుంటూ వచ్చిన అవకాశాన్ని తోసిపుచ్చడానికి మనసు రావడం లేదు. గిన్నెల చప్పుళ్ల మధ్య సత్యభామను నిలబెట్టడానికీ మనసు ఒప్పడం లేదు.

పర్యాటకులతో ముడిపడిన పనుల్లో ఉన్నవారు, రంగస్థల అనుభవం ఉన్నవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. పర్యాటకుల రాక వల్ల కళకు నిజంగా బతుకుతెరువు దొరుకుతుందా, లేక వారి తీరికకు తగ్గట్టు కళే కుదించుకుపోతుందా? ఇలాంటి ప్రదర్శనలో ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోకూడదు, ఏ షరతులు కాగితం మీద పెట్టించుకోవాలి? దయచేసి చెప్పండి.


జవాబు: తెరవెనుక (గుంటూరు)

అమ్మా, తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి, పద్యనాటకాలు ఆడినవాణ్ణి. ఆ రెండు అనుభవాల మీద నాకు తోచింది రాస్తున్నాను.

దారిన వెళ్లే వారి కోసం ఆడటం కూచిపూడికి కొత్తేమీ కాదు. గోల్కొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా తన పర్యటనలో భాగవతుల ఆట చూసి, మెచ్చి, ఆ గ్రామాన్నే వారికి అగ్రహారంగా ఇచ్చాడని ప్రసిద్ధి. అంతకంటే పాత ముచ్చట మాచుపల్లి కైఫీయతులో, అంటే ఆ ఊరి స్థానిక చరిత్ర రాసిన పాత రికార్డులో, ఉంది. సిద్ధవటం ప్రాంతంలో సమ్మెట గురవరాజు ప్రజలను పెడుతున్న బాధలను కూచిపూడి వారు చూసి, విజయనగరం వెళ్లి, వీరనరసింహరాయల ఎదుట ఆ అఘాయిత్యాన్నే వేషం కట్టి ఆడి చూపారు. రాయలకు విషయం అర్థమై, సైన్యాన్ని పంపి అతణ్ణి శిక్షించాడు. ఊరూరా తిరిగేవారు, పరాయి ఊరి ప్రేక్షకులను ఒప్పించేవారు కనుకనే ఆ కళాకారులు నిలిచారు. కాబట్టి ప్రేక్షకుడు పర్యాటకుడన్న కారణంతో మీరు సంకోచించవలసిన పని లేదు.

కుదించడమూ కొత్త కాదు. రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లవార్లూ సాగిన భామాకలాపాన్ని (సత్యభామ కథను ఆడే నాటకాన్ని) ఇప్పుడు పట్నంలో గంటన్నరలో చూస్తున్నాం. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఏకపాత్ర నాట్యానికి దారి వేసి, స్త్రీలకు ఈ విద్య నేర్పినప్పుడు అభ్యంతరం చెప్పినవారు ఉన్నారు. వెంపటి చినసత్యం గారు మద్రాసు చేరి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, నగర వేదికకు తగ్గట్టు నృత్యనాటకాలను తీర్చిదిద్దారు. ఈ మార్పులు లేకపోతే మీ పాఠశాలలో ఇంతమంది అమ్మాయిలు ఉండేవారు కాదేమో.

అయితే ఆ పెద్దలు చేసిన కుదింపుకూ, మీ హోటల్ వారు అడుగుతున్న కుదింపుకూ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది విద్య తెలిసినవారు నిర్ణయించారు. ఇక్కడ ఆ నిర్ణయం భోజనశాల చూసుకునేవారు చేస్తున్నారు. వారు తీసేయమన్నది దేన్నో గమనించండి. వాచికాన్ని, అంటే పాత్ర పలికే మాటలను, తీసేయమన్నారు. మిగిలిన శాస్త్రీయ నృత్యాల నుంచి కూచిపూడిని వేరుగా నిలబెట్టే ముఖ్య లక్షణం నర్తకి నోరు విప్పి మాట్లాడటమే. సత్యభామ తన చెలికత్తె మాధవితో వాదులాడాలి, తన గొప్ప తాను చెప్పుకోవాలి, అలిగి లేఖ రాయాలి. పళ్లెం మీద తరంగం చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ నారాయణతీర్థుల తరంగం సంస్కృతం. మాటలు తీసేసి తరంగం ఒక్కటే ఉంచితే ఆ ఇరవై నిమిషాల్లో తెలుగు మాట ఒక్కటీ వినబడదు. రాయల ముందు మూగగా ఆడి ఉంటే ఆ సిద్ధవటం ప్రజల గోడు ఆయనకు చేరేదా?

కనుక నా సలహా స్పష్టం. నిడివి తగ్గించడానికి ఒప్పుకోండి, వాచికం తీయడానికి ఒప్పుకోకండి.


జవాబు: పొణికి కర్ర (కొండపల్లి)

నేను నాట్యం గురించి చెప్పగలిగినవాణ్ణి కాదు. మా ఇంట్లో తరతరాలుగా బొమ్మలు చేస్తున్నారు. పర్యాటకుల వల్ల చేతిపనికి ఏం జరుగుతుందో మేము రోజూ చూస్తున్నాం కనుక అది మీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మా వీధికి వచ్చేవారిలో రెండు రకాల వారుంటారు. కారు దిగి, దుకాణంలో నాలుగు బొమ్మలు చేతిలోకి తీసుకొని, సగం ధరకు అడిగి, ఇవ్వకపోతే వెళ్లిపోయేవారు ఒక రకం. ఇంటి వసారాలో పని జరుగుతుంటే కాసేపు కూర్చొని చూసేవారు రెండో రకం. తెల్లపొణికి పచ్చి కర్రలో నీరు ఎక్కువగా ఉంటుంది. రంపపు పొట్టు సెగ మీద దాన్ని నిదానంగా ఆరబెట్టాలి, తొందరపడి సెగ పెంచితే పగులుతుంది. అంబారీ ఏనుగు ఒకే ముక్కలో వచ్చేది కాదు. తొండం, చెవులు, కాళ్లు, అంబారీ, అందులో కూర్చున్నవారు, మావటివాడు అన్నీ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తాం. అతుకు ఆరాక ఆకురాయితో రుద్ది, సున్నం పూత పూసి, అది ఆరాక రంగు మొదలుపెడతాం. మా ఇళ్లలో సన్నటి కుంచె పని ఎక్కువగా ఆడవాళ్లదే. కనుబొమ్మ గీత ఒక్కటి వంకరపోతే బొమ్మ ముఖమే మారిపోతుంది. ఇదంతా కళ్లతో చూసినవారు బేరమాడటం నేను చాలా అరుదుగా చూశాను. పైగా పిల్లలను కూడా ఆ కుంచె దగ్గరకు పిలిచి చూపిస్తారు.

మొదటి రకం వారి కోసం చేసే సరుకు ఏళ్లు గడిచేకొద్దీ చిన్నదవుతూ వచ్చింది. సంచిలో పట్టేది, విరగనిది, త్వరగా అయ్యేది కావాలి. దశావతారాల వరుస పూర్తిగా చేయగల చేతులు దానివల్ల ఖాళీగా ఉంటున్నాయి. భౌగోళిక గుర్తింపు వల్ల కొండపల్లి పేరుకు రక్షణ దొరికింది, మంచిదే, కానీ ధర ఎంత ఉండాలో ఆ గుర్తింపు చెప్పదు. అడవిలో పొణికి చెట్టు దొరకడం కష్టమైందన్న సంగతి సరేసరి. మమ్మల్ని ఇప్పటికీ నిలబెడుతున్నది సంక్రాంతికి, దసరాకు బొమ్మల కొలువు పెట్టే మన ఇళ్లే. కొలువు పెట్టే ఇల్లాలికి ఏ బొమ్మ ఎక్కడ కూర్చోవాలో తెలుసు, గత ఏడాది కొన్నదానికి జోడీ అడుగుతుంది, పని తగ్గితే కనిపెట్టి నిలదీస్తుంది. అలాంటి కొనుగోలుదారు ఉన్నంతకాలం పనివాడు జాగ్రత్త తప్పడు.

అందుకని మీకు ఒక్కటే చెబుతాను. వచ్చినవారికి తయారైన నాట్యం మాత్రమే చూపకండి, అది తయారయ్యే తీరు చూపండి. గజ్జె కట్టుకోవడం, జడ అల్లుకోవడం, ఒక అడవు (నాట్యంలో మొదట నేర్పే అడుగుల కూర్పు) ఎలా నేర్పుతారన్నది, ఏదైనా సరే. చూసినదానికి విలువ కట్టడం వారికి అప్పుడే తెలుస్తుంది.


జవాబు: ఉండవల్లి దారి (తాడేపల్లి)

నేను ఉండవల్లి, మంగళగిరి, అమరావతి చూపించే గైడును. హోటల్ వారు చెప్పిన ఒక మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. అతిథులకు భాష రాదన్నారు. విజయవాడకు వచ్చే పర్యాటకుడు ఎవరో వారు సరిగా చూడలేదనిపిస్తోంది.

ఈ నగరానికి జనం ముఖ్యంగా కనకదుర్గమ్మ దర్శనానికి వస్తారు. దసరాల్లో మూలానక్షత్రం రోజున అమ్మవారిని సరస్వతీదేవి అలంకారంలో చూడటానికి ఇంద్రకీలాద్రి కింద ఎంత బారున వరుస ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ వరుసలో నిలబడేది నెల్లూరు, ఖమ్మం, శ్రీకాకుళం, నల్గొండ నుంచి పిల్లాపాపలతో వచ్చిన కుటుంబాలు. తర్వాత నా దగ్గరకు వచ్చేదీ ఎక్కువగా వారే. వారికి తెలుగు వస్తుంది. వారికి లేనిది భాష కాదు, సాయంత్రం గడపడానికి ఒక చోటు. ఉదయం దర్శనం, మధ్యాహ్నం ఉండవల్లి గుహలు, వీలైతే మంగళగిరి పానకాలస్వామి, చీకటి పడేలోపు ప్రకాశం బ్యారేజీ మీద కాసేపు, ఆ రాత్రికే బస్సో రైలో ఎక్కి వెళ్లిపోతారు. పర్యాటకమంటే మన ప్రణాళికల్లో ఎక్కడో దూరదేశం నుంచి వచ్చే అతిథే మెదులుతాడు. ఆయన కోసం అన్నిటినీ మూగగా, పొట్టిగా తయారుచేస్తాం. ఎదురుగా నిలబడి ఉన్న తెలుగు కుటుంబాన్ని మాత్రం భక్తుల లెక్కలో వేసి, ప్రేక్షకుల లెక్కలో వేయం. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

పొణికి కర్ర గారు చెప్పింది నా పనిలోనూ నిజమే. అమరావతికి వచ్చినవారు ధ్యానబుద్ధుడి దగ్గర ఫొటో దిగి, మహాస్తూపం దగ్గరకు వచ్చి, ఇక్కడేమీ లేదే అంటారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూసిన తర్వాత, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన తర్వాత, శిల్పాల్లో చాలా భాగం మద్రాసుకూ, అక్కడి నుంచి కొన్ని లండన్‌కూ వెళ్లిపోయాయి. ఈరోజు అమరావతి శిల్పాన్ని దాని నిండుదనంలో చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో లండన్ బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి. కానీ ఆ ఫలకాల మీద ఏముందో ముందే చెప్పి తీసుకువెళ్తే, తెల్ల ఏనుగు రూపంలో దిగివస్తున్న బోధిసత్వుని చుట్టూ ఆడుతూ పాడుతూ నడిచే గణాల గురించి, ఆ నడుముల వంపుల గురించి చెబితే, అదే ఖాళీ దిబ్బ చుట్టూ వారు నిదానంగా ఒక ప్రదక్షిణ చేసి వస్తారు. తెరవెనుక గారు పేర్కొన్న కైఫీయతులు కూడా ఆ మెకంజీ పూనికతో సేకరించినవే కావడం ఇక్కడ గుర్తుకొచ్చింది.

ఫోర్ట్ కొచ్చిలో సందర్శకుల కోసం ఆడే కథకళి గురించి మీరు వినే ఉంటారు. అక్కడ నటులు ప్రేక్షకుల ఎదుటే ముఖానికి రంగు వేసుకుంటారు, తర్వాత ముద్రలు, కంటి కదలికలు ఒక్కొక్కటిగా వివరిస్తారు, ఆ తర్వాతే ఒక చిన్న ఘట్టం ఆడతారు. ఆలయాల్లో రాత్రంతా సాగే కథకళి దాని దారిన అది సాగుతూనే ఉంది. చిన్న ప్రదర్శనతో వచ్చిన చిక్కేమీ లేదు, దాని వెనుక పెద్దది బతికి ఉండాలి. నిమ్మలకుంట తోలుబొమ్మల విషయంలో జరిగింది చూడండి. తోలు మీద రంధ్రాలు పొడిచే నైపుణ్యం దీపాలకు గొడుగులుగా, గోడకు వేలాడే బొమ్మలుగా మారి ఇళ్లను నిలబెట్టింది, అందుకు సంతోషించాలి. కానీ ఆ బొమ్మ తెర మీద ఆడి, రామాయణం పాడే రాత్రులు తగ్గిపోయాయి. మీ తరంగం కూడా అలా విడిపోయి ఒక్కటే మిగిలిపోకూడదు.


జవాబు: మృదంగం పక్కన (విజయవాడ)

పైన పెద్దలు చెప్పిన మాటలన్నీ గౌరవిస్తూనే, నేను కొంత గట్టిగా చెప్పదలచుకున్నాను. భోజనశాలలో వద్దు. తినేవారి ముందు ఆడటం అవమానమని నా ఉద్దేశం కాదు, పెళ్లి విందుల్లో వాయించినవాణ్ణే. అభినయం కంటి నుంచి కంటికి చేరవలసింది. చూపు పళ్లెంలో ఉన్నవారికి పాదాల చప్పుడు తప్ప ఏదీ చేరదు. అందుకే వారు తరంగం అడిగారు, ఎందుకంటే తల ఎత్తినప్పుడు మాత్రమే చూసినా అది కనబడుతుంది.

రెండోది రికార్డు సంగతి. ఒక కూచిపూడి కచేరీ వెనుక నట్టువాంగం (తాళాలతో జతులు చెప్పి నాట్యం నడిపించడం), గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు కనీసంగా ఉంటాయి. ఘంటసాల వారి పేరున్న ప్రభుత్వ సంగీత కళాశాలలో చదువుకొని వచ్చిన యువకులు మన నగరంలో చాలామంది వేదిక కోసం ఎదురు చూస్తున్నారు. పర్యాటకం కళను పోషిస్తుందని చెప్పి, నర్తకికి మాత్రమే ఇచ్చి, మిగిలిన ఐదుగురి స్థానంలో ఒక పెన్‌డ్రైవ్ పెడితే ఆ పోషణ ఎవరికి అందినట్టు? పైగా రికార్డు మీద ఆడే నర్తకి ఒక సంచారిని (ఒకే భావాన్ని రకరకాలుగా విస్తరించి చూపే అభినయాన్ని) పొడిగించలేదు. ప్రేక్షకుడు కరిగిన చోట ఆగి, పాటలోని అదే పంక్తిని మరోలా చూపించడం ఈ విద్య ప్రాణం. పాడేవారు ఎదురుగా ఉంటేనే అది వీలవుతుంది. అందరినీ తీసుకువెళ్లలేకపోతే గాత్రం, మృదంగం, నట్టువాంగం ముగ్గురైనా ఉండేలా పట్టుబట్టండి.

ఫొటోల విషయం అన్నిటికంటే ముఖ్యం. మీ దగ్గర పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలుంటారు. రాత్రి హోటల్లో, వేషంతో, ముక్కూమొహం తెలియనివారి పక్కన నిలబడమని వారిని పంపకండి. ఈ ఒక్క షరతుకు వారు ఒప్పుకోకపోతే మిగిలినవి మాట్లాడవలసిన అవసరమే లేదు.


ప్రశ్న వేసినవారి స్పందన: సత్యనారాయణపురం నాట్యబడి

అందరికీ నమస్కారాలు. మీ జవాబులు మా పెద్ద విద్యార్థినులతో కలిసి చదివాను, వారి తల్లిదండ్రులతోనూ మాట్లాడాను. ఉండవల్లి దారి గారు చెప్పిన మాట మా అందరినీ ఆలోచింపజేసింది. అతిథులకు తెలుగు రాదని మేము కూడా వారి మాట మీద నమ్మేశాం తప్ప, ఎవరు దిగుతున్నారని అడగనే లేదు. అడిగితే, శని ఆదివారాల్లో గదుల్లో ఎక్కువ భాగం దర్శనానికి వచ్చిన తెలుగు కుటుంబాలవేనని హోటల్ వారే చెప్పారు.

ఆ మాట ఆధారంగా కొత్త ప్రతిపాదన ఇచ్చాను. భోజనశాలలో కాకుండా పక్కనున్న చిన్న సమావేశ మందిరంలో, భోజనాలకు ముందు, సాయంత్రం ఆరున్నరకు కార్యక్రమం. మొదటి పది నిమిషాలు ఆహార్యం, అంటే వేషాలంకరణ. సత్యభామ జడలో సూర్యుడు, చంద్రుడు, నాగరం ఏవి ఎక్కడ వస్తాయో చూపిస్తూ, ఒక అమ్మాయికి ప్రేక్షకుల ముందే జడ అల్లుతాం. తర్వాత ఇద్దరు తెర పట్టుకొని నిలబడితే, ఆ జడ తెర మీదుగా ఇవతలకు పడుతుంది. సత్యభామ ముఖం కనబడకముందే ఆమె అహంకారం సభ అంతటికీ తెలియాలి. ఆపైన ప్రవేశ దరువు (పాత్ర తనను తాను పరిచయం చేసుకుంటూ వేదిక మీదకు వచ్చే పాట), మాధవితో సంభాషణ, చివర పళ్లెం మీద తరంగం. మొత్తం నలభై నిమిషాలు. తెలుగు రానివారికి ముందుగా ఒక పేజీలో కథ అచ్చువేసి ఇస్తాం, మాటలు మాత్రం ఉంటాయి. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థినులే పాల్గొంటారు, ఫొటోలు వేదిక మీద బృందంతో కలిసి ఒక్కసారే.

వారు గదికీ, సమయానికీ, ఫొటోల షరతుకూ ఒప్పుకున్నారు. వాద్యబృందం ఖర్చు దగ్గర మాట ఆగింది. ముగ్గురి పారితోషికంలో సగం ఇస్తామంటున్నారు. మిగిలిన సగం పాఠశాల భరిస్తే అద్దెకు ఏమీ మిగలదు. దీనికి ఎవరైనా దారి చెప్పగలరా?


జవాబు: ఉండవల్లి దారి (తాడేపల్లి)

ప్రతి శనివారం కాకుండా నెలకు రెండుసార్లు పెట్టి, ఆ రెండింటికీ వాద్యబృందం ముగ్గురి పారితోషికం పూర్తిగా వారినే ఇవ్వమని అడగండి. వారి మొత్తం ఖర్చు పెరగదు, వాద్యబృందం ఖర్చు మీ మీద పడదు. దాంతోపాటు హోటల్లో దిగని కుటుంబాలకు కూడా టికెట్ మీద ప్రవేశం ఉండాలని, ఆ సొమ్ము నేరుగా వాద్యబృందానికి చేరాలని ఒప్పందంలో రాయించండి. మా గైడులం దర్శనం అయ్యాక వచ్చేవారికి సాయంత్రం కార్యక్రమం సంగతి చెబుతాం, దానికి కమీషన్ అక్కర్లేదు. ఒప్పందం మొదట మూడు నెలలకే చేసుకోండి, దసరా ముందు తిరిగి మాట్లాడుకోవచ్చు. అప్పటికి రద్దీ పెరుగుతుంది కనుక మాట మీ వైపు ఉంటుంది.


జవాబు: మృదంగం పక్కన (విజయవాడ)

నెలకు రెండుసార్లంటే మా ముగ్గురికీ వీలవుతుంది, మొదటి నెల వారిస్తామన్న సగానికే వస్తాం. టికెట్ల సొమ్ము ఎలా ఉంటుందో చూసి రెండో నెల నుంచి మాట్లాడుకుందాం. ప్రవేశ దరువు మీరు ఏ శ్రుతిలో పాడిస్తున్నారో, సంభాషణ మధ్యలో మృదంగం ఎక్కడెక్కడ అందుకోవాలో తెలియాలంటే ముందుగా ఒకసారి కలిసి చేసుకోవాలి. వచ్చే ఆదివారం ఉదయం పాఠశాలకు రావచ్చునా?